చేతుల్లేని కుర్చీ గారికి

మహారాజశ్రీ కుర్చీ గారికి, తిరుపతి నుంచి రాయునది ఏమనగా,

మీ ఎత్తు 43 సెంటీమీటర్లు. ముసలివాళ్ల కాళ్ల బలం చూడాలంటే మిమ్మల్ని గోడకు ఆనించి వేస్తారు, లేకుంటే వెనక్కి జారతారు. చేతులు ఎదమీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేస్తే అంత లెక్క. మీకు చేతుల్లేవని ఎదుటివాళ్లూ వాడకూడదు. తొడమీద చెయ్యేసి లేస్తే సున్నా! 65-69 ఏళ్ల ఆడమనిషి 11కి తగ్గితే పడిపోయే ముప్పు ఉందని అమెరికా పట్టిక.

రిటైరైన టీచరమ్మ మీమీద గబగబా లేస్తుంది. పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడక, ఏడాదికోసారి అలిపిరి 3,550 మెట్లు. పీలేరు పక్క చెనిక్కాయ చేలో కలుపు తీసిన ఆమె ఆరుకే ఆయాసపడుతుంది. కష్టపడిన ఒళ్లు గట్టిదంటారే, మరి?

టీచరమ్మ మోకాలు నొస్తే ఆగుతుంది. కలుపులో ఆగితే కూలి పోతుంది. గొంతుకూర్చుని గంటల తరబడి అదే కీలు అరగదీస్తే దాన్ని వ్యాయామం అనరు. కండ నిలవాలంటే విశ్రాంతి కావాల, తిండి కావాల. 50 కిలోల ముసలామెకు రోజుకు 50-60 గ్రాముల ప్రొటీను పడాల. రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు. ఆ లెక్కన బియ్యం నుంచి రోజుకు వచ్చే ప్రొటీను సుమారు 12 గ్రాములు. ఇంట్లో ఆవుంది కదా అంటారేమో. రెండు పూటలా పాలు కేంద్రానికి పోతాయి, వెన్న శాతం చూసి పుస్తకంలో రాస్తారు. ఆమెకు దక్కేది టీ రంగు మారేంత.

చేతులు వద్దన్నారు గదా, ఆ చేతుల్నీ ఒకసారి చూడండి. 4,000 పింఛను కోసం వేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. గీతలు అరిగిపోయినాయి. బొటనవేలు తుడిచి, తడిపి, మళ్లీ పెట్టించి, చివరికి ఇంకో వేలు.

మందు లేకపోలేదు. మీమీద దుప్పటి రెండు మూడు మడతలేస్తే ఎత్తు పెరిగి లేవడం తేలికవుతుంది. రోజుకు ఎనిమిదిసార్లతో మొదలుపెట్టి, అలవాటయ్యే కొద్దీ ఒక్కో మడత తీసేయాల. ప్లాస్టిక్‌వి పనికిరావు, కాళ్లు విచ్చుకుంటాయి. ఆమె ఇంట్లో మీ జాతిది అదొక్కటే ఉంది, అదీ వచ్చినోళ్లకే వేస్తారు. ఆమె కూర్చునేది గడపమీద.

ఇట్లు,
స్టాప్‌వాచ్ పట్టుకున్నవాళ్లు