నాలుగు గంటలు దాటిన మాస్క్

ఐసొలేషన్ వార్డులో డ్యూటీ ముగించుకుని బయటికొచ్చిన నర్సు ముఖం మీద గాగుల్స్ అచ్చు చాలాసేపటి వరకు పోదు. కరోనా రోజుల్లో అలాంటి ముఖాల ఫొటోలు చూసి అందరం చేతులెత్తి మొక్కాం. ఆ అచ్చు కింద మొదలైన తలనొప్పి ఎలా ఉందని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

ఈ నొప్పి కోవిడ్‌తో పుట్టింది కాదు. 2003లో సార్స్ (కరోనా జాతికే చెందిన మరో వైరస్ తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బు) వ్యాపించిన రోజుల్లో ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్క్ వాడిన సింగపూర్ ఆరోగ్య సిబ్బందిలో 212 మందిని అడిగితే, మాస్క్ వల్ల తలనొప్పి వచ్చిందని 79 మంది చెప్పారు. 2020లో అక్కడే కోవిడ్ విధుల్లో ఉన్న 158 మందిని పరిశీలిస్తే 128 మందికి, అంటే 81 శాతం మందికి, కొత్తగా తలనొప్పి మొదలైంది. ఆ రెండు అధ్యయనాల్లోనూ కనిపించిన గీత ఒకటే: నాలుగు గంటలు. అది దాటితే తలనొప్పి వచ్చే అవకాశం పెరుగుతోంది. ముందే మైగ్రేన్ లాంటివి ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. కోవిడ్‌కు చాలా ఏళ్ల ముందే తెలిసిన విషయం డ్యూటీ చార్టుల్లోకి ఎందుకు ఎక్కలేదన్నదే నా బాధ.

మాస్క్ పట్టీలు, గాగుల్స్ నుదురునూ కణతలనూ మెడ వెనుక భాగాన్నీ నొక్కుతాయి. అక్కడ చర్మం కిందే ఉన్న నరాల మీద ఒత్తిడి పడుతుంది. హెల్మెట్ బిగుతైనా ఇలాగే జరుగుతుంది. ఈ రకం నొప్పి బిగించిన గంటలోపు మొదలై, విప్పిన గంటలోపు తగ్గిపోవాలి. అలా తగ్గకపోతే వేరే కారణాలూ తోడై ఉండవచ్చు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఒంటినిండా వేసుకున్న రక్షణ దుస్తుల (పీపీఈ) కిట్టంతా విప్పాలి కాబట్టి నీళ్లు తాగడం మానేస్తారు. భోజనం వేళ తప్పుతుంది. లోపల చెమట కారిపోతుంటుంది. పక్కనున్నవాళ్లకు వినపడాలంటే అరవాలి.

దీనికి మనసు మీది బరువు కలుస్తుంది. 2020 తొలినాళ్లలో చైనాలో 34 ఆసుపత్రులకు చెందిన 1,257 మంది వైద్యులను, నర్సులను అడిగితే, సగం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 34 శాతం మందిలో నిద్రలేమి కనిపించాయి. ఇంట్లోవాళ్లకు తన వల్ల అంటుతుందేమోనన్న భయంతో పడుకున్న మనిషికి నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే తెల్లారేసరికి తల పగిలిపోతుంది, ఆ తలనొప్పితోనే మళ్లీ కిట్ వేసుకోవాలి. డ్యూటీకి ముందే ఓ మాత్ర వేసుకోవడం అలవాటవుతుంది. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువగా, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు.

మాస్కే చెడ్డదని వాదించేవాళ్లకు ఈ లెక్కలు ఆయుధం కాకూడదు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు కోవిడ్‌తో దాదాపు 1,15,500 మంది ఆరోగ్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మాస్క్ ఉండాల్సిందే. తగ్గాల్సింది గంటలు.

ఒకసారి విప్పితే కిట్ వృథా అవుతుందని, దాన్ని ఆదా చేయడానికి మనిషిని ఆరేసి గంటలు లోపలే ఉంచడం నాకు న్యాయంగా అనిపించదు. నాలుగు గంటలలోపే విరామం ఇవ్వాలి. ఆ సమయానికి వార్డులోకి వెళ్లే మరో మనిషి పేరు రోస్టర్‌లో ముందే ఉండాలి. లేకపోతే విరామం కాగితం మీదే మిగిలిపోతుంది. ముఖానికి సరిపోయే సైజు మాస్కులు తెప్పించాలి. మైగ్రేన్ ఉందని చెప్పుకున్నవాళ్లను పని తప్పించుకుంటున్నట్టు చూడకూడదు. కౌన్సెలింగ్ అవసరమే. కానీ పన్నెండు గంటల షిఫ్ట్ చేసి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి ధ్యానం చేయమంటే ఎలా? ఆ మనిషికి ముందు కావలసింది నిద్ర.

కిట్ ఎప్పుడు వేసుకున్నారో, ఎప్పుడు విప్పారో రాసే రిజిస్టర్ ఉన్నచోట ఇంకో గడి గీయడం కష్టమేమీ కాదు. తలనొప్పి ఉందా, ఎప్పుడు మొదలైంది, మాత్ర వేసుకున్నారా అని అందులో రాయించాలి. వారానికోసారి దాన్ని రోస్టర్ వేసేవాళ్లే చదవాలి.