కొత్తవాళ్ల చేతికి దీపం ఇవ్వండి

కొత్తగా ఒక గుంపులోకి వెళ్లినవాళ్లు నోరు విప్పకపోతే, "ఆ అమ్మాయికి మొహమాటం ఎక్కువ", "వాడు నలుగురిలో కలవడు" అని మనం ఇట్టే తేల్చేస్తాం. లోపమంతా వచ్చినవాళ్ల స్వభావంలోనే ఉందని నమ్ముతాం. నేను ఆ మాట ఒప్పుకోను. కొత్తవాళ్ల బిడియం పోగొట్టాల్సిన బాధ్యత ముందునుంచీ అక్కడ కూర్చుని ఉన్నవాళ్లది. ఈ సంగతి నాకు బరంపురంలో ఒక ఆట బల్ల దగ్గర బాగా అర్థమైంది. ఒడిశాలో ఉన్న మన తెలుగు సంఘానికి కూడా పనికొస్తుందనే ఇక్కడ రాస్తున్నాను.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు, 1974లో అచ్చయింది. అంతకుముందు వాళ్లు బొమ్మ సైనికులతో యుద్ధాల ఆటలు ఆడేవాళ్లు. సైన్యాన్ని మొత్తం నడిపే బదులు ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని నడిపితే ఎలా ఉంటుందన్న ఆలోచనలోంచి ఇది పుట్టింది. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. "మీ ముందు పాడుబడిన కోట ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది, మీరేం చేస్తారు?" అని డీఎం అడుగుతారు. మీరు చెప్పిన పని జరుగుతుందో లేదో అనుమానంగా ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆ పాచిక దొరక్కపోతే ఫోన్‌లో యాప్ ఉంటుంది. చివర్లో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిపోవడం ఉండదు. అందరూ కలిసి కథని ముందుకు తీసుకుపోతారు.

ఆ "మీరేం చేస్తారు?" దగ్గరే కొత్తవాళ్ల గొంతు తడారిపోతుంది. చదరంగంలో ఏ పావు ఎటు కదలాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అష్టాచెమ్మాలో గవ్వలు ఎన్ని పడితే అన్ని గడులు జరుపుకుంటాం. ఇక్కడ ఏమైనా చెప్పొచ్చు, అందుకే ఏం చెప్పాలో తోచదు. పైగా అందరూ మన మొహం వైపే చూస్తూ ఉంటారు.

నా వయసు నలభై దాటింది. పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను, ఉద్యోగం బరంపురంలో. ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అక్క కొడుకు, "పిన్నీ, ఒక్క ఆదివారం వచ్చి ఆడి చూడు" అని పిలిచాడు. బల్ల దగ్గర వాడు కాకుండా రాయగడ అబ్బాయి ఒకడు, జయపురం అమ్మాయి ఒకతె, ఛత్రపురం నుంచి వచ్చే ఒడియా అబ్బాయి ఒకడు ఉన్నారు. తెలుగువాళ్లు నన్ను పిన్నీ అన్నారు, ఒడియా అబ్బాయి మౌసీ అన్నాడు. అందరూ మంచి పిల్లలు. అయినా మొదటి గంట నాకు ఊపిరాడలేదు. మాటల మధ్యలో ఏసీ, హెచ్‌పీ, డీసీ అని దొర్లుతూ ఉంటాయి. ఏసీ అంటే మన పాత్రకి దెబ్బ తగలాలంటే ఎదుటివాళ్లు తెచ్చుకోవాల్సిన అంకె, హెచ్‌పీ అంటే ప్రాణబలం, డీసీ అంటే ఒక పని నెగ్గడానికి కావాల్సిన అంకె. ఇవి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ రోజూ వాడేవాళ్లకి ఇవి చెప్పాల్సిన సంగతులని గుర్తుండదు. మధ్యమధ్యలో పాత ఆటల జ్ఞాపకాలు, వాటి మీద నవ్వులు. నవ్వు ఎందుకో తెలియని మనిషికి ఆ నవ్వులోనే తను పరాయి అని తెలిసిపోతుంది.

మనవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. జయపురం అమ్మాయి పాత్ర ఒక సేనాని, నా పాత్ర ఆమె కింద పనిచేసే వేగులమనిషి. కథలో ఆమె నన్ను "నువ్వు వెళ్లు" అని ఆజ్ఞాపించాలి. ఆ పిల్ల "పిన్నీ, మీరు వెళ్తారా" అనేసి సిగ్గుపడిపోయింది. నేనూ ఆమెని "చిత్తం దొరసానీ" అనలేకపోయాను. మన ఇళ్లలో వయసును బట్టి, వరసను బట్టి పిలుపు నడుస్తుంది. దాన్ని పక్కన పెట్టి ఇంకో వరస తెచ్చుకోవాలంటే ముందుగా ఎవరో ఒకరు నోరు తెరిచి ఒప్పందం చేయాలి. మా డీఎం ఆ పని చేశాడు. "ఆటలో పాత్రని బట్టి పిలుద్దాం, ఆట ఆపి మాట్లాడేటప్పుడు మామూలుగానే పిలుద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరికీ గుండె మీద బరువు దిగింది.

అసలు మార్పు వచ్చింది మాత్రం రాయగడ అబ్బాయి వల్ల. కోటలోకి వెళ్లే చోట అందరూ గబగబా ఏదో ఒకటి చెప్పేస్తున్నారు. ఆ అబ్బాయి నా వైపు తిరిగి, "నేను తలుపు తోస్తున్నాను, లోపల చీకటిగా ఉంది. పిన్నీ, మీ పాత్ర దీపం పట్టుకుంటుందా?" అని అడిగాడు. పట్టుకుంటుందన్నాను. "దీపం వెలుగులో మీకు ఏం కనిపిస్తోందో చెప్తాను" అని డీఎం మొదలుపెట్టాడు. చిన్న పనే. కానీ ఆ క్షణం నుంచి కోటలో ఏముందో ముందుగా చూసేది నేనే అయ్యాను. వాళ్లు నన్ను అడగాల్సి వచ్చింది, నేను చెప్పాల్సి వచ్చింది. "భయపడకండి, ఫ్రీగా ఉండండి" అని వందసార్లు అన్నా అంత జరిగేది కాదు. ఫ్రీగా ఉండమని చెప్పడంలో సాయమేమీ లేదు. ఉన్న టెన్షన్‌కి తోడు ఫ్రీగా కనిపించాలన్న టెన్షన్ కూడా చేరుతుంది.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బూఢీ ఠాకురాణి జాతర చూసినవాళ్లకి నేను చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆ రోజుల్లో మొక్కుకున్నవాళ్లు శివుడిగానో కృష్ణుడిగానో పులిగానో వేషం కట్టి ఊరంతా తిరుగుతారు. మామూలు రోజున పది మంది ముందు నిలబడి మాట్లాడలేని మనిషి కూడా ఒళ్లంతా రంగు పూసుకుని నడివీధిలో గంతులేస్తాడు. వేషం వేసుకుంటే బిడియం పోతుందని అంటుంటారు. నేను చిన్నప్పటినుంచీ చూసింది వేరు. ఆ వేషగాడి వెంట వాయిద్యాలు ఉంటాయి, ఇంటివాళ్లు ఉంటారు, నీళ్లు అందించే స్నేహితులు ఉంటారు. ఏ గుమ్మం ముందు నిలబడినా జనం ఎదురొస్తారు. "ఎందుకీ వేషం?" అని అడిగేవాళ్లు ఉండరు. ఆ మనిషిని అంత ధైర్యంగా నడిపించేది వెంట ఉన్న జనం. అదే వేషంతో ఒంటరిగా, జాతర లేని రోజున బడా బజార్‌లో నిలబడమంటే ఎవరు నిలబడగలరు? ఆట బల్ల దగ్గర కొత్తవాళ్లకి మనం చాలాసార్లు వేషం ఇచ్చి జాతర ఇవ్వడం లేదు.

ఈ ఆట నియమాల్లోనే సాయానికి చోటుంది, దాన్ని వాడుకోవాలి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ లెక్క చెప్తాను. మధ్యరకం కష్టం ఉన్న పనికి 15 రావాలి. ఆ పనిలో మీ పాత్రకి ఉన్న నేర్పు వల్ల పాచిక అంకెకి 3 కలుస్తుందనుకుంటే, పాచిక మీద 12 గానీ ఆపైన గానీ పడాలి. ఇరవై ముఖాల్లో తొమ్మిదింటికే ఆ అవకాశం, అంటే 45 శాతం. సగానికి పైగా సార్లు ఆ పని చెడిపోతుంది! కొత్తవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు. పాచిక తక్కువ పడగానే తమ వల్లే అందరి ఆటా పాడైందని ముడుచుకుపోతారు. పక్కన ఉన్న పాత్ర "నేను సాయం చేస్తున్నాను" అంటే మాత్రం పాచిక రెండుసార్లు వేసి ఎక్కువ పడినదాన్ని తీసుకోవచ్చు. అప్పుడు అదే అవకాశం దాదాపు 70 శాతానికి వెళ్తుంది. కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు మొదటి రోజు తమ వంతుల్లో కొన్ని కొత్తవాళ్లకి సాయం చేయడానికి వాడాలని నేను గట్టిగా అంటాను. వాళ్ల పరాక్రమం చూపించుకోవడానికి ఇంకా ఎన్నో ఆదివారాలున్నాయి.

సాయానికీ పెత్తనానికీ తేడా ఉంది. "మీరు ఇప్పుడు ఆ మంత్రం వెయ్యండి, అదే కరెక్ట్" అని చెప్పేవాళ్లు మంచి ఉద్దేశంతోనే చెప్తారు. కానీ ఆ మాటతో కొత్త మనిషి వంతు వాళ్లు లాగేసుకున్నట్టే. పట్టించుకోకపోవడం కంటే ఇది ఎక్కువ నొప్పిస్తుంది. పట్టించుకోకపోతే రేపైనా మన వంతు వస్తుందన్న ఆశ ఉంటుంది. "ఇది చెయ్యండి" అనే బదులు "ఇలాగా చేయొచ్చు, అలాగా చేయొచ్చు, మీకేది బాగుంది?" అని అడిగితే ఎంత బాగుంటుంది!

గొంతు మార్చి నటించాలన్న భయం ఒకటి ఉంటుంది. పాతవాళ్లు రాక్షసుడి గొంతు, ముసలమ్మ గొంతు పెట్టి అదరగొడుతుంటే కొత్తవాళ్లు తమకి ఆట రాదనుకుంటారు. "నా పాత్ర కాపలావాడికి నచ్చజెప్పి లోపలికి వెళ్లాలని చూస్తుంది" అని వేరే మనిషి గురించి చెప్పినట్టు చెప్పినా ఆట ఆడినట్టే. ఆట నియమాల పుస్తకంలోనే ఈ రెండు పద్ధతులూ రాసి ఉన్నాయి. అలాగే మొదటి వారం ఊరికే కూర్చుని చూడమనే అలవాటు నాకు నచ్చదు. చూడ్డానికి వచ్చిన మనిషి అతిథి అవుతాడు, టీ తాగి, బాగుందని చెప్పి వెళ్లిపోతాడు. వచ్చే వారం అతిథి కుర్చీలోంచి లేచి ఆటగాడి కుర్చీలో కూర్చోవడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి.

భాష విషయంలో మాత్రం మా బల్ల చాలా మంచి పని చేసింది. నియమాలు ఇంగ్లీషులో, సంతలో బేరాలు తెలుగులో, తిట్లు గంజాం ఒడియాలో నడిచాయి. సంతలో మిరపకాయలు అమ్మే ఆడమనిషితో బేరం ఆడాల్సి వచ్చినప్పుడు నాకు పాచిక అవసరమే పడలేదు, డీఎం ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు. ఏ భాషలో ఆడాలన్నది కూడా కథ మొదలవ్వకముందే మాట్లాడుకోవాలి. ఆటకి ముందు ఒక రోజు కూర్చుని ఎలాంటి కథ, ఎంతసేపు, ఏవి వద్దు అని మాట్లాడుకోవడాన్ని సెషన్ జీరో అంటారు. చాలామంది దాన్ని ఎగ్గొడతారు. మూడు నాలుగు గంటలు సాగే ఆటలో ఇచ్ఛాపురం, పలాస వైపు రైలు అందుకోవాల్సిన పిల్ల మధ్యలో "నేను వెళ్లాలి" అని ఎలా లేస్తుంది? ఆట ఎన్నింటికి ఆపుతారో ముందే చెప్తే ఆ ఇబ్బంది ఉండదు.

బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన ఒక కార్డు పెట్టే పద్ధతి కూడా నాకు చాలా నచ్చింది. జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి ఇది. కథలో ఏదైనా మనసుకి కష్టంగా ఉంటే ఆ కార్డు ముట్టుకోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు, ఆ భాగం వదిలేసి ముందుకు వెళ్లాలి. పెద్దవాళ్ల ముందు వద్దు అనడం రాని మన ఆడపిల్లలకి, నలుగురు మగపిల్లల మధ్య ఒక్కతే కూర్చున్న అమ్మాయికి ఆ కార్డు ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

ఇదంతా సంఘం పత్రికలో ఎందుకంటే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై, గంజాంలో ఎక్కువ భాగం, జయపురం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చినప్పటినుంచీ మన ఇళ్లలో ప్రతి తరమూ ఎక్కడో ఒకచోట కొత్తవాళ్లుగా కూర్చుంటూనే ఉంది. ఒడియా బడిలో తెలుగు పిల్లలం, విశాఖపట్నం కాలేజీకి వెళ్తే ఒడిశా పిల్లలం. ఆ బాధ తెలిసిన మనమే మన ఉగాది సభలో పిల్లల్ని స్టేజీ ఎక్కించి పద్యం చెప్పమంటాం. ఇంగ్లీషు మీడియంలోనో ఒడియా మీడియంలోనో చదివే పిల్ల రెండు వందల మంది ముందు తడబడితే తెలుగు రాదని అనేస్తాం. ఆ పిల్లకి తెలుగు వచ్చు, ఇంట్లో నాయనమ్మతో రోజూ మాట్లాడుతుంది. ఐదుగురు ఉన్న బల్ల దగ్గర, చేతిలో ఒక పని ఉండి, పక్కన సాయం చేసేవాళ్లు ఉంటే ఆ తెలుగు బయటికి వస్తుంది. మా బల్ల దగ్గర వచ్చింది.

అందుకని దసరా సెలవుల్లో సంఘం హాల్లో ఒక బల్ల వేద్దామని కమిటీ పెద్దల్ని కోరుతున్నాను. డబ్బు ఖర్చేమీ లేదు. మొదలుపెట్టడానికి సరిపడా నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కథ నడపడానికి మా అక్క కొడుకు ఒప్పుకున్నాడు, పాత్రల కాగితాలు తెలుగులో రాసిపెట్టే పని నాది. ఒక బల్లకి ఐదుగురే ఉండాలి, వాళ్లలో ఇద్దరు మొదటిసారి ఆడేవాళ్లై ఉండాలి. పెద్దవాళ్లు కూడా పిల్లలతో పాటు కూర్చుని ఆడాలి, వెనక కుర్చీలు వేసుకుని చూడటానికి రావొద్దు. ఆదివారం ఉదయం పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి ముగించొచ్చు, ఛత్రపురం నుంచీ ఇచ్ఛాపురం నుంచీ వచ్చేవాళ్లకి కూడా వీలుగా ఉంటుంది.