వైల్ ట్రూ లూప్ గారికి ఒక విన్నపం

ఆపేదాకా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తూ, మధ్యలో అయిదు సెకన్ల నిద్రతో సరిపెట్టుకునే వైల్ ట్రూ లూప్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, సర్వర్ తప్ప.

డిస్కు 90 శాతం దాటితే పాత లాగ్‌లను (సర్వర్ రాసుకునే చిట్టాలను) మూటకట్టి సర్దే స్క్రిప్ట్‌ను పిలవమన్నాను. ఎన్నిసార్లో చెప్పలేదు, తప్పు నాదే. మీరు లేచినప్పుడల్లా డిస్కు నిండింది కదా అని పిలిచారు. అయిదు సెకన్ల కిందట పిలిచింది కూడా మీరేనండీ! నిమిషానికి 12, గంటకు 720. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్న మాట మిమ్మల్ని చూసే పుట్టి ఉంటుంది. పైగా వరుస చివర నేను ఆంపర్సండ్ (&, అంటే ఇది ముగిసేదాకా ఆగొద్దని) తగిలించాను కాబట్టి, మొదటి స్క్రిప్ట్ ఇంకా మూట కడుతుండగానే రెండోది, మూడోది వచ్చి అవే లాగ్‌లకు వేరే మూటలు కట్టాయి. ఖాళీ చేయడానికి వచ్చినవాళ్లే డిస్కును 100కు చేర్చారు.

"నిండి ఉందా?" అని అడగడం ఒక్కటే మీకు తెలుసు. "ఇప్పుడే నిండిందా?" అన్నది మీకు పట్టదు.

ఇప్పటికే పిలిచినట్టు గుర్తుంటుందని ఒక జెండా వేరియబుల్ ఇచ్చాను. డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ వరుసలను పైపులోంచి (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించేది) పంపి, లోపల ఇంకో లూప్‌తో చదివించాను. మిమ్మల్ని నడిపే బాష్‌లో పైపుకు అవతల నడిచేది సబ్‌షెల్, అంటే వేరే ప్రాసెస్. అక్కడ ఎత్తిన జెండా అక్కడే పోయింది. ఇది తెలియడానికి నాకు ఒక పూట పట్టింది. (ఆ పూటంతా మీరు పిలుస్తూనే ఉన్నారు.)

సరేనని లాక్ ఫైల్ పెట్టాను. అది ఉంటే పిలవొద్దు. పని అయ్యాక తీసేయడానికి ట్రాప్ (స్క్రిప్ట్ ముగిసేటప్పుడు నడిచే ఆదేశం) కూడా రాశాను. టెన్షన్‌లో నేనే స్క్రిప్ట్‌ను కిల్ మైనస్ 9తో చంపాను. ఆ దెబ్బకు ఏ ట్రాపూ పలకదు. ప్రాసెస్ పోయింది, తాళం మిగిలింది. మీ మౌనం చూసి బాగుపడ్డారనుకున్నాను. డిస్కు మళ్లీ నిండినప్పుడూ మీరు అంతే మౌనంగా ఉన్నారు.

ఇప్పుడు ఎఫ్‌లాక్ అనే తాళం కమాండ్ తెచ్చాను, మైనస్ ఎన్‌తో. తాళం పట్టుకున్న ప్రాసెస్ పోతే కెర్నెలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాన్ని వదిలిస్తుంది. రెండోది వస్తే తాళం దొరక్క, మైనస్ ఎన్ ఉంది కాబట్టి ఆగకుండా వెళ్లిపోతుంది. కానీ ఒకటి ముగిసిన మరుక్షణం ఇంకోటి మొదలైతే ఎఫ్‌లాక్‌కు అభ్యంతరం లేదు. అందుకే జెండాను ఈసారి ఫైల్‌గా పెట్టాను. 90 దాటితే ఒక్కసారి పిలిచి ఎత్తండి, 80 కిందికి దిగాకే దించండి. 89కే దించేస్తే, 91కి మళ్లీ ఎత్తుతారు, మళ్లీ అదే భాగోతం.

ఇట్లు,
మిమ్మల్ని రాసినవాడు

తా.క.: ఈ ఉత్తరం ఒక్కసారే పంపుతున్నాను. అందినట్టు ఎక్కడైనా రాసిపెట్టుకోండి. పైపు అవతల మాత్రం వద్దు.