గాదె మగవాళ్లది, గారీ ఆడవాళ్లది

ఆగస్టు దగ్గరపడితే నైజీరియాలోని లాగోస్‌లో మన తెలుగువాళ్లు నడిపే ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో చిన్న టెన్షన్ మొదలవుతుంది. ఆగ్నేయ నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో జాతి ఉద్యోగులు ఒక్కొక్కరే సెలవు చీటీ పట్టుకుని వస్తారు. ఊళ్లో ఇరి జి, కొత్త పెండలం పండగ. వెళ్లకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. సంక్రాంతికి రైలు టికెట్ల కోసం మనం పడ్డ పాట్లు మర్చిపోయి, "ఆర్డర్లున్నప్పుడే రావాలా మీ పండగ" అని గొణుక్కుంటాం.

ఆ గొణుగుడు సంగతి అలా ఉంచితే, మన కూటముల్లో వినిపించే మరో మాట గురించి నాకు పేచీ ఉంది. "వీళ్లు ఒకప్పుడు దర్జాగా పెండలం తినేవాళ్లట, ఇప్పుడు కర్రపెండలం తురిమి వేయించిన గారీతో కడుపు నింపుకుంటున్నారు, సంస్కృతి పోయింది" అంటారు. ఇగ్బో పెద్దలు కూడా కొందరు ఇదే పాట పాడతారు. పోయింది ఎవరికి, వచ్చింది ఎవరికి అని అడగకుండా ఈ మాట అనకూడదని నా వాదన.

పెండలానికి ఉన్న గౌరవం మామూలుది కాదు. దానికి అహియాజోకు అని ప్రత్యేకంగా ఒక దేవత. పంట బాగా తీసిన రైతుకు 'ఎజె జి', అంటే పెండలాల రాజు, అనే బిరుదు. ఊరి పెద్ద తొలి దుంపను కోసి, దేవుళ్లకూ పితరులకూ పెట్టి, తాను రుచి చూశాకే మిగతావాళ్లు కొత్త పెండలం ముట్టుకోవాలి. దుంపలు దాచే తీరు కూడా చూడాల్సిందే. ఆరుబయట నిలువుగా కర్రలు పాతి, వాటికి ఒక్కో దుంపనూ నారతో బిగించి, ఒకదాని మీద ఒకటి తలెత్తు దాటేదాకా కట్టుకుపోతారు. గాలి ఆడకపోతే కుళ్లిపోతాయి మరి. అలా వరసలు వరసలుగా, దారినపోయే ఎవరికైనా కనబడేలా ఉంటుంది గాదె. పిల్లనిచ్చే మామగారికి వేరే బ్యాంకు స్టేట్‌మెంట్ అక్కర్లేదు.

ఆ గాదె మగవాడిది. మట్టి గుట్టలు చెయ్యడం, ఊతకర్రలు పాతడం, తీగ పాకించడం, దుంపలు కట్టడం మగవాళ్ల పని. వానాకాలమంతా వంగి ఆ చేలోనే కలుపు తీసేది మాత్రం ఆడవాళ్లు. గుట్టల పక్కన చామ, మొక్కజొన్న, బెండ వేసుకుంటే అవి వాళ్లవి, పెండలం కాదు. ఇంట్లో వండాలంటే భర్త గాదెలోంచి తీసివ్వాలి. పైగా పంటలో పావు వంతో, ఇంకా ఎక్కువో మళ్లీ విత్తనానికి ఉంచుకోవాలి. అందుకే జూన్, జులై వచ్చేసరికి గాదె వెలవెలబోయేది. చేను పచ్చగా ఉండగానే ఇంట్లో ఆకలి. కొత్త పంటకు అంత పెద్ద పండగ ఎందుకో ఆ రెండు నెలలు తెలిస్తే అర్థమవుతుంది.

కర్రపెండలం వేరే దారిలో వచ్చింది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి ఆఫ్రికా తీరానికి తెచ్చారు. ఇగ్బో పల్లెలు చాలాకాలం దాన్ని లెక్కచెయ్యలేదు. 1918 సెప్టెంబరులో ఓడల మీద ఇన్‌ఫ్లుయెంజా లాగోస్‌లో దిగింది, అక్కణ్ణుంచి దేశమంతా పాకి లక్షల మందిని తీసుకుపోయింది. గుట్టలు తవ్వే చేతులు తగ్గిపోయాయి. నైజర్ నది దిగువ ప్రాంతంలో కర్రపెండలం గట్టిగా వేళ్లూనుకుంది ఆ ఆకలి రోజుల్లోనే అని చరిత్రకారులు చెబుతారు. కర్రముక్క విరిచి గుచ్చితే చాలు, సారంలేని నేలలోనూ వస్తుంది. తవ్వకుండా ఏడాది దాటి వదిలేసినా నేలలోనే ఉంటుంది, గాదె అక్కర్లేదు. బిరుదు లేదు, దేవత లేదు. మగవాళ్లకు అది పండించడం నామోషీ అనిపించి ఆడవాళ్లకు వదిలేశారు.

ఆ వదిలెయ్యడమే ఆడవాళ్లకు కలిసొచ్చింది. దుంప చెక్కు తీసి, తురిమి, ఆ తురుమును సంచుల్లో కుక్కి, పైన బండలు పెట్టి రెండు మూడు రోజులు ఉంచుతారు. పులిసిన నీళ్లు కారిపోతాయి. దుంపలోని సయనైడ్ విషం పోవాలంటే ఈ తతంగం అంతా తప్పదు. తర్వాత జల్లించి, వెడల్పాటి ఇనప మూకుడులో వేయించాలి. పొయ్యి పక్కన కూర్చుని, పొగకు మొహం పక్కకు తిప్పుకుని, సొరబుర్ర చెక్కతో కలియతిప్పుతూనే ఉండాలి, చెయ్యి ఆగితే అడుగంటుతుంది. కాస్త పామాయిలు కలిపితే పసుపు గారీ, లేకపోతే తెల్లది. ఇది నెలలు నిలవ ఉంటుంది. వేడినీళ్లలో కలిపితే ఎబా ముద్ద, చన్నీళ్లు, చక్కెర, వేరుసెనగలు వేసుకుంటే స్టూడెంట్ల భోజనం. బజారులో అమ్మితే వచ్చిన డబ్బు అమ్మిన మనిషిది. భర్తను అడగక్కర్లేదు.

బ్రిటిష్ పాలనలో, 1929 నవంబరులో, ఓలోకో అనే ఇగ్బో ఊళ్లో న్వాన్యెరువా అనే ఆవిడ పామాయిలు తీస్తుండగా సర్కారు లెక్కల మనిషి వచ్చి, నీ మేకల్నీ గొర్రెల్నీ మనుషుల్నీ లెక్కపెట్టు అన్నాడు. మీ అమ్మను లెక్కపెట్టారా అని ఆవిడ ఎదురడిగింది. ఆడవాళ్ల మీద కూడా పన్ను వేస్తారన్న భయం బజారు నుంచి బజారుకు పాకింది, వేల మంది రోడ్డెక్కారు. బ్రిటిష్ పోలీసులు, సైనికులు యాభై మందికి పైగా ఆడవాళ్లను కాల్చి చంపారు. దీనికి కర్రపెండలం ఒక్కటే కారణమని అనను, పామాయిలు ధర పడిపోవడం పెద్ద దెబ్బ. కానీ కాపాడుకోవడానికి సొంత సంపాదన, కబురు చేరవేసుకోవడానికి సొంత బజారు ఉన్న ఆడవాళ్లు చేసిన తిరుగుబాటు అది.

మన దగ్గర 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు జొన్న సంకటి ఇళ్లలోకి వరన్నం నడిచొచ్చింది. ఇవాళ జొన్నరొట్టె గొప్ప గురించి ప్రసంగాలు చేసేవాళ్లు తెల్లవారుజామున తిరగలి ఎవరు తిప్పారో చెప్పరు. గాదెలు తరిగిపోయాయని వాపోయేవాళ్లతో నాకున్న చిక్కు కూడా ఇదే.

అలాగని గారీ కథ అమ్మమ్మ చెప్పే శుభం కథ కాదు. అందులో పిండిపదార్థమే తప్ప మాంసకృత్తులు దాదాపు లేవు. ఇగ్బోలు బయాఫ్రా పేరుతో వేరే దేశంగా విడిపోయినప్పటి యుద్ధంలో, దిగ్బంధం మధ్య కర్రపెండలం కడుపు నింపింది కానీ పిల్లలు పొట్టలు ఉబ్బి చనిపోయారు. డబ్బు వస్తోందని తెలిశాక మగవాళ్లూ ఈ పంటలోకి దిగారు. తురుము మిషన్లు వచ్చాక వేళ్లు చీరుకుపోవడం తప్పింది, కానీ మిషన్ ఎక్కువగా మగవాడిది, పొయ్యి దగ్గర పొగ ఇంకా ఆవిడదే. పెండలంలోనూ కర్రపెండలంలోనూ ప్రపంచంలో నైజీరియాదే మొదటి స్థానం అంటే మనకు గొప్పగా అనిపిస్తుంది. కర్రపెండలంలోని ఆ మొదటి స్థానంలో చాలా భాగం ఈ మూకుళ్ల దగ్గరే తయారవుతుంది.

ఇక బియ్యం. ఇక్కడ మనం ప్రేక్షకులం కాదు. కాకినాడ రేవు నుంచి ఉప్పుడు బియ్యం, నూకలు పశ్చిమాఫ్రికాకు ఓడలకు ఓడలు వస్తాయి. పక్క దేశం బెనిన్‌లోని కొటోను రేవులో దిగిన బియ్యంలో చాలా భాగం దొంగదారిన నైజీరియా చేరుతుందని అందరికీ తెలుసు. అందుకే 2019 ఆగస్టులో నైజీరియా సరిహద్దులు మూసేసింది. ధరలు పెరిగాయి, దొంగ రవాణా ఆగలేదు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని, 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతిని భారత్ ఆపేసినప్పుడు ఈ దేశాల వంటిళ్లు ఉలిక్కిపడ్డాయి. బియ్యం పరాయిది, వద్దు అనే వాదన నాది కాదు. సెనెగల్‌కు ఫ్రెంచివాళ్లు ఇండోచైనా నుంచి తెచ్చిపోసిన నూకలతో పెరిగిన చెబు జెన్ అనే చేపలన్నం వంటకాన్ని 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. తేడా ఒకటే. కర్రపెండలం మార్పు డబ్బును ఊళ్లో ఆడవాళ్ల చేతికి తెచ్చింది, బియ్యం బస్తా మార్పు దాన్ని రేవుకూ దిగుమతిదారుకూ పంపిస్తోంది. ఆ దిగుమతిదారుల్లో మనవాళ్లూ ఉన్నారు, వాళ్ల యాడ్ ఈ పత్రిక వెనక పేజీలోనే ఉండొచ్చు.

కాబట్టి ఒక ప్రతిపాదన. ఇక్కడి మన సంఘం తరఫున ఏటా సేవా కార్యక్రమం పేరుతో నోటు పుస్తకాలు పంచి ఫోటోలు దిగుతున్నాం. ఈసారి ఆ డబ్బుతో ఒక తురుము మిషన్, ఒక ప్రెస్, పొగ గొట్టమున్న రెండు పొయ్యిలు చేయిద్దాం. ఫ్యాబ్రికేషన్ షాపులున్న సభ్యులు మనలో తక్కువేం కాదు. మిషన్ గారీ వేయించే ఆడవాళ్ల సంఘం పేరు మీదే రాయాలి, ఊరి పెద్ద పేరు మీద కాదు. బెల్టు తెగితే, మోటారు కాలితే ఏడాదిపాటు రిపేరు ఖర్చు మనమే పెట్టుకోవాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఇది ఎజెండాలో పెట్టమని సెక్రటరీ గారికి ఇప్పటికే రాశాను.