పాట ఉంది, పని ఏది?

మనం మాటల్లో ‘పనీపాటా’ అని కలిపే అంటాం. 19వ శతాబ్దపు జర్మన్ పల్లె చిత్రాల్లో మాత్రం ఆ జంట విడిపోయింది. పాట మిగిలింది, పని మాయమైంది.

ఫ్రాంజ్ ఫాన్ డెఫ్రెగర్ 1876లో వేసిన ‘జితర్ వాద్యకారుడు’ చూడండి. జితర్ అంటే బల్ల మీద పెట్టుకుని మీటే తీగల వాద్యం. కుర్రాడు వాయిస్తున్నాడు, అమ్మాయిలు వింటున్నారు. ఆ గదిలో అలసట అన్నదే లేదు. రోజూ ఆదివారమేనా అనిపిస్తుంది.

డెఫ్రెగర్‌కు పల్లె తెలియదని కాదు. ఆస్ట్రియాలోని టిరోల్‌లో పుట్టిన రైతుబిడ్డ. తండ్రి పోయాక కొంతకాలం సేద్యం చేశాడు. 1860లో పొలం అమ్మేసి అమెరికా వెళ్దామనుకున్నాడు, కుదరలేదు. చివరికి మ్యూనిక్ చేరి, 1878లో అక్కడి అకాడమీలో ప్రొఫెసర్ అయ్యాడు. వదిలేసి వచ్చిన ఊరినే జీవితమంతా గీశాడు. అవి అబద్ధాలని నేననను. ఊరు వదిలినవాడికి పండగలే ఎక్కువ గుర్తుంటాయి కదా!

అయితే కొనేవాళ్లకూ అదే కావాలి. లైప్‌జిగ్‌లో 1853లో మొదలైన ‘గార్టెన్‌లౌబె’ వారపత్రిక ఇలాంటి బొమ్మలను చెక్క అచ్చులతో ముద్రించి ఇంటింటికీ చేర్చింది. 1875 నాటికి దాని ప్రతులు 3.8 లక్షలు. 1880లలో 13 లక్షల మందికి పైగా జర్మన్లు దేశం దాటారు, ఎక్కువమంది అమెరికాకే. పల్లెలు ఖాళీ అవుతుంటే, పట్నపు గోడల మీద పల్లె నిండుగా నవ్వుతోంది.

ఆ జితర్ కూడా అప్పటికి అచ్చంగా పల్లెటూరిది కాదు. బవేరియా డ్యూక్ మాక్సిమిలియన్‌కు అదంటే పిచ్చి. వియన్నా వాద్యకారుడు యోహాన్ పెట్స్‌మాయర్‌ను తన కొలువులో పెట్టుకున్నాడు. 1838లో ఈజిప్టు యాత్రకూ వెంట తీసుకెళ్లాడు. పిరమిడ్ ఎక్కి మరీ జితర్ వాయించారని చెప్పుకుంటారు. జమీందారీ సరదా అంటే అదే! రాజులు ముచ్చటపడ్డాక ఆ వాద్యం పట్నపు ఇళ్లలోకీ వచ్చేసింది.

లుడ్విగ్ క్నౌస్ 1871లో వేసిన జర్మనీలోని హెస్సె ప్రాంతపు పల్లె అంత్యక్రియల చిత్రం నాకు డెఫ్రెగర్ బొమ్మ కంటే నిజంగా తోస్తుంది. శవపేటిక ఇల్లు దాటుతుంటే బడిపిల్లలు పంతులుగారితో కలిసి పాడుతుంటారు. ఇక్కడ పాట కాలక్షేపం కాదు, ఊరి బాధ్యత. చావు అంటే ఇంకా తెలియని పిల్లల మీద పడ్డ బాధ్యత.

ఇక విల్హెల్మ్ లైబ్ల్. తండ్రి కొలోన్ కెథెడ్రల్‌లో సంగీత దర్శకుడు. కొడుకు మాత్రం బెర్బ్లింగ్ పల్లె చర్చిలో మూడేళ్లకు పైగా కష్టపడి ముగ్గురు స్త్రీలను గీశాడు. వాద్యం లేదు, నవ్వు లేదు. ముసలామె ప్రార్థన పుస్తకం పట్టుకుని ఉంటుంది. మొహం కంటే ముందు ఆ చేతులే కంటపడతాయి. పని చేసి చేసి బిగుసుకుపోయిన వేళ్లు.