14 గ్రాముల చీజ్, చట్ట ప్రకారం

ప్రజాస్వామ్యం మీద నమ్మకం సడలినవారు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర చట్టాలను ఒకసారి తిరగేయాలి. 1999లో అక్కడి శాసనకర్తలు 'యాపిల్ పై' అనే వంటకానికి, అంటే పిండిపొరల మధ్య యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే తీపి పదార్థానికి, రాష్ట్రపు అధికారిక 'పై' హోదా ఇచ్చారు. హోదా అడిగి అడిగి గొంతు పోయిన మనవాళ్లు కుళ్లుకోకండి, అసలు సంగతి ముందుంది. దాన్ని వడ్డించేవారు మూడు షరతుల్లో కనీసం ఒక్కటైనా పాటించడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించాలని కూడా రాశారు. పక్కన గ్లాసుడు చల్లని పాలు, లేదా అర ఔన్సుకు తగ్గని చెడ్డార్ చీజ్ ముక్క, లేదా పెద్ద గరిటెడు వెనిలా ఐస్‌క్రీమ్. అర ఔన్సు అంటే మన లెక్కలో 14 గ్రాములు. బొబ్బట్టు మీద నెయ్యి ఎంత వేయాలో మన శాసనసభలు ఇంతవరకు తేల్చలేదు. ఆ అధికారం ఇప్పటికీ వడ్డించే అత్తగారిదే, అప్పీలు లేదు.

శిక్ష ఏమిటో ఆ సెక్షన్ చెప్పలేదు కాబట్టి మనమే ఊహించుకోవాలి. మధ్యాహ్నం భోజనాల వేళ తూనికల శాఖ అధికారి హోటల్లోకి వస్తాడు. జేబులోంచి త్రాసు తీస్తాడు. ముక్క 13 గ్రాములే తూగుతుంది. "వంటగదిలోంచి బయలుదేరినప్పుడు 14 ఉందండీ, వేడికి కరిగింది" అంటాడు యజమాని. "కరిగితే బరువు ఎక్కడికి పోతుంది?" "పళ్లెంలోకి కారిందండీ." పళ్లెం స్వాధీనం చేసుకుంటారు. పంచనామా రాసేలోపు పక్క బల్ల దగ్గరి ముసలాయన సాక్ష్యాన్ని తినేస్తాడు. కేసు కోర్టుకెక్కుతుంది. చిత్తశుద్ధి ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. తన కక్షిదారు ఫ్రిజ్‌లో చీజ్ కోసం కిందా మీదా వెతికాడని న్యాయవాది కన్నీళ్లతో వాదిస్తాడు. "ఐస్‌క్రీమ్ ఉంది కదా, అదెందుకు వేయలేదు?" అని ప్రాసిక్యూటర్ గర్జిస్తాడు. "ఉంది. కానీ అది స్ట్రాబెర్రీ." జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

పక్కన ఏముండాలో ఇంత శ్రద్ధగా రాసినవారు లోపల ఏముండాలో రాయలేదు. పందొమ్మిదో శతాబ్దం నుంచే అమెరికా వంటిళ్లలో యాపిల్ లేని యాపిల్ పై ఒకటుంది. ఉప్పు బిస్కెట్లను పంచదార పాకంలో నానబెట్టి, నిమ్మరసం, దాల్చినచెక్క పొడి కలిపి, పిండిపొరల మధ్య కాలుస్తారు. తిన్నవాళ్లు యాపిలే అనుకుంటారట. ఆ పద్ధతిని రిట్జ్ బిస్కెట్ల పెట్టె మీదే అచ్చువేశారు. పక్కన 14 గ్రాముల చెడ్డార్ పెట్టేస్తే ఆ మోసగాడు నిర్దోషి.

వెర్మాంట్ అమెరికాలో రాష్ట్రంగా చేరింది 1791లో. అప్పటికే యాపిల్ పై నాలుగు వందల ఏళ్ల పండు ముసలిది. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లండు వంటవాళ్లు యాపిళ్లు, బేరిపళ్లు, అంజూర, ఎండుద్రాక్ష, మసాలా దినుసులు కలిపి నూరి, కుంకుమపువ్వుతో రంగు వేసి, పిండిగూట్లో పెట్టి కాల్చేవారు. అందులో పంచదార మాటే లేదు. ఇప్పటికీ ఇంగ్లండువాళ్లు దాని మీద వేడి కస్టర్డ్ పోసుకుంటారు. యార్క్‌షైర్‌లోనైతే చెడ్డార్ కాదు, వెన్స్‌లీడేల్ చీజ్ ఉండాలి. డచ్చివాళ్లకు గిలకొట్టిన మీగడ కావాలి. వీళ్లలో ఎవరైనా వెర్మాంట్ వెళ్లి తమ తాతల వంటకాన్ని తమ పద్ధతిలో అడిగితే, వడ్డించినవాడు నేరస్థుడు.

అయినా అది అమెరికాకు ప్రతీకేనట! యాపిల్ పుట్టిల్లు కజకిస్తాన్ వైపు తియాన్ షాన్ కొండలు. తెల్లవాడు మొక్కలు తెచ్చేవరకు అమెరికా గడ్డ మీద ఉన్నవి పులుపెక్కిన అడవి యాపిళ్లే. గోధుమ పశ్చిమాసియాది, దాల్చినచెక్క శ్రీలంకది. చెరకు రసాన్ని పంచదార పలుకులుగా మార్చింది మన దేశం. గ్రీన్‌కార్డు వరసలో జుట్టు నెరిసిన మనవాళ్లు ఈ జాబితాను ఒకసారి చదువుకుని నిట్టూర్చవచ్చు.

జాజికాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. 'చిటికెడు జాజికాయ పొడి, కావాలంటే' అని వంట పుస్తకాలు రాస్తాయి. కావాలంటే! ఒకప్పుడు లోకం మొత్తానికి జాజికాయ ఇండోనేషియాలోని బందా దీవుల నుంచే వచ్చేది. ఆ వ్యాపారం మొత్తం తమకే దక్కాలని 1621లో డచ్చి ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్స్‌జోన్ కూన్ ఆ దీవుల మీద పడ్డాడు. జపాన్ కిరాయి సైనికుల చేత నలభై మందికి పైగా ఊరి పెద్దలను నరికించాడు. సుమారు 15,000 మంది జనంలో అత్యధికులు చచ్చారు, పారిపోయారు, బానిసలయ్యారు. చెట్లను మాత్రం పదిలంగా ఉంచారు. వాటిని సాకడానికి వేరే చోట్ల నుంచి బానిసలను దించారు. 1667లో బ్రెడా ఒప్పందంతో బందాలోని రన్ అనే చిన్న దీవి డచ్చివాళ్లకు, ఇప్పటి న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ ఇంగ్లీషువాళ్లకు ఖాయమయ్యాయి. హంతకుడు కూన్ విగ్రహాన్ని నెదర్లాండ్స్‌లోని హోర్న్ పట్టణం నడివీధిలో నిలబెట్టుకున్నారు. చీజ్ గ్రాము తగ్గితే చట్టం మేలుకుంటుంది. ఇంత నెత్తురుకు కొలత చిటికెడు, అదీ ఐచ్ఛికం!

తినడం మానాలా అంటారా? మానితే బందావాళ్లకు ఒరిగేదేమీ లేదు. తినండి. ఓవెన్‌లోంచి తీయగానే కోయకండి, రసమంతా పళ్లెంలోకి పారుతుంది. మర్నాటికి మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, పిండిపొర తడిసిన అట్టలా అవుతుంది. ఇక మన బజార్లో దొరికే ఎర్రని డెలీషియస్ రకం, ఫిలడెల్ఫియా నుంచి వచ్చి హిమాచల్‌లో స్థిరపడి సత్యానంద్‌గా మారిన స్టోక్స్‌గారు అమెరికా నుంచి తెప్పించి నాటిన మొక్కల చలవ. కాలిస్తే ముద్దయిపోతుంది. అమెరికా పంపిన యాపిల్ అమెరికా ప్రతీకలోకి పనికిరాదన్నమాట. గట్టిగా, పుల్లగా ఉండే ఆకుపచ్చని గ్రానీ స్మిత్ కొనుక్కోండి. అది ఆస్ట్రేలియాది.