నారింజ రంగు తేలితే తప్పెవరిది?

పసిఫిక్ దీవుల దేశం వనువాటులో పొద్దు వాలగానే జనం నకమల్ అనే ఊరి చావడి దగ్గర చేరతారు. కొబ్బరి చిప్పలో పోసిన మట్టి రంగు రసాన్ని ఒక్క గుక్కలో తాగేస్తారు. దాని పేరు కవా. మన మిరియాల తీగకు దగ్గరి చుట్టమైన మొక్క వేరును నలగ్గొట్టి నీళ్లలో పిసికి తీస్తారు. గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా తెలుగువారు కూడా వెళ్లిన ఫిజీలో దీన్నే యంగోనా అంటారు.

ఎనభైకి పైగా దీవులు, మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న వనువాటుకు కవా ముఖ్యమైన ఎగుమతి పంట. కాలేయానికి హాని చేస్తుందంటూ జర్మనీ 2002లో కవా మందుల అనుమతులు రద్దు చేసింది. ఆ నిర్ణయం చెల్లదని అక్కడి కొలోన్ నగర కోర్టు 2014లో తేల్చింది. తీర్పుకు పన్నెండేళ్లు పట్టింది. పోయిన మార్కెట్ మాత్రం తీర్పుతో తిరిగి రాలేదు.

వనువాటు ఊరకే కూర్చోలేదు. 2002లోనే కవా చట్టం తెచ్చి, తరతరాలుగా తాగుతున్న నోబుల్ రకాలనే ఎగుమతి చేయాలంది. ‘టూడే’ (టూ డే, అంటే రెండు రోజులు) రకాలను ఆపింది. మత్తు రెండో రోజుకీ వదలదు కాబట్టి వాటికా పేరు. అయితే విదేశీ కొనుగోలుదారు రాతపూర్వకంగా అడిగితే టూడే కూడా పంపవచ్చన్న మినహాయింపు పెట్టింది. తలుపుకు తాళం వేసి, చెవి కొనేవాడి చేతిలో పెట్టడమే ఇది. రేపు ఎవరికైనా జబ్బు చేస్తే నింద పడేది ఆ కొన్నవాడి మీద కాదు, వనువాటు పేరు మీద.

పరీక్ష కష్టమేమీ కాదు. వేరు పొడిని గాజు గొట్టంలో వేసి అసిటోన్ అనే ద్రావకం పోసి కుదపాలి. పొడి అడుగుకు చేరాక పైన తేరిన ద్రవం పసుపు రంగులో ఉంటే నోబుల్, నారింజ రంగుకు తిరిగితే టూడే. చిక్కంతా ఆ పొడి ఎక్కడిదన్న దగ్గరే. పెంటెకోస్టు దీవి రైతు తన తోటలో బొరొగు అనే నోబుల్ రకాన్ని కాండం చూసి గుర్తుపడతాడు. అదే వేరు చెక్కి, ఎండబెట్టి, పదిమంది సరుకుతో కలిపి దంచాక ఆయన కూడా చెప్పలేడు.

రైతు టూడే వైపు మొగ్గితే దురాశ అని కొట్టిపారేయలేం. నోబుల్ వేరు చేతికి రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. టూడే త్వరగా ఎదుగుతుంది, ఎక్కువ దిగుబడినిస్తుంది. 2015లో పామ్, 2020లో హెరాల్డ్ తుపానులు చూసినవాడికి ఐదేళ్ల నిరీక్షణ అంటే ఎంతో తెలుసు.

ఆస్ట్రేలియా 2021 చివర్లో కవా వాణిజ్య దిగుమతులకు తలుపు తీసింది. అంతకు ముందటి ఏడాదే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నుంచి కవాకు ప్రాంతీయ ప్రమాణమూ వచ్చింది. అవకాశం మళ్లీ దొరికిన ఈ వేళ ధ్రువీకరణ ఓడరేవు గోదాములో కాక, మొక్క నాటిన చోటే మొదలవ్వాలి. రకం పేరు, తోట పేరు రాసిన చీటీ బస్తాతోపాటే ఓడ దాకా వెళ్లాలి. ఆ చీటీకి తగ్గ ధర రైతు చేతికి అందాలి. లేకపోతే రేవులో గాజు గొట్టం నారింజ రంగు చూపించిన రోజున బస్తా మొత్తం వెనక్కి వస్తుంది; అందులో సగం మంది రైతులు నాటింది నోబులే అయినా సరే.